అయిదుగురు మనుషులు, మూడు క్లౌడ్‌లు: ఆపరేషన్స్ భారం ఎక్కడ తగ్గించుకోవాలి?

ప్రశ్న: బెల్లందూరు_ఆప్స్

అందరికీ నమస్కారం. బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్డు మీద ఉన్న ఒక మధ్యతరహా సాఫ్ట్‌వేర్ సంస్థలో ఆపరేషన్స్ బృందాన్ని నేను చూస్తున్నాను. నాతో కలిపి అయిదుగురం. మా ప్రధాన ఉత్పత్తి దుకాణదారులకు బిల్లింగు, సరుకు లెక్కలు చూసిపెట్టే అప్లికేషన్. అది మొదటి నుంచీ ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) ముంబై రీజియన్‌లో, అంటే అక్కడి డేటా సెంటర్ల సముదాయంలో నడుస్తోంది. రెండేళ్ల క్రితం మా యాజమాన్యం ఒక చిన్న సంస్థను కొన్నప్పుడు వాళ్ల ఇన్‌వాయిసింగ్ ఉత్పత్తి, అది నడిచే అజూర్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్) ఖాతాతో సహా మా చేతికి వచ్చింది. అది పుణేలోని సెంట్రల్ ఇండియా రీజియన్‌లో ఉంది. ఆ తర్వాత డేటా బృందం నివేదికల కోసం గూగుల్ క్లౌడ్‌లో బిగ్‌క్వెరీ అనే డేటా విశ్లేషణ సేవను మొదలుపెట్టింది. మూడు క్లౌడ్‌లు కావాలని ఎవరూ కూర్చుని నిర్ణయించలేదు. ఒక్కో నిర్ణయం ఆనాటికి సబబుగానే తోచింది. బరువంతా కలిసి మా అయిదుగురి మీద పడింది.

పోయిన నెల జరిగిన ఒక సంఘటన చెబితే మా పరిస్థితి తేలిగ్గా అర్థమవుతుంది. రాత్రి 1:40కి ఇన్‌వాయిస్‌లు వెళ్లడం లేదని అలర్ట్ వచ్చింది. ఆ వారం ఆన్‌కాల్‌లో (ఏ వేళ అలర్ట్ వచ్చినా స్పందించే వంతులో) ఉన్న అబ్బాయి ఏడబ్ల్యూఎస్‌లో చేయి తిరిగినవాడు, కానీ అజూర్ పోర్టల్‌ను నెలకొకసారి కూడా తెరవడు. లాగ్‌లు ఏ వర్క్‌స్పేస్‌లో ఉన్నాయో వెతకడానికే అతనికి ఇరవై నిమిషాలు పట్టింది. అవి దొరికాక కనబడిన విషయం ఒక్కటే: క్లయింట్ సీక్రెట్ గడువు తీరిపోయింది. ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌లను స్టోరేజ్‌లో దాచే సర్వీసు ఆ సీక్రెట్‌తోనే లాగిన్ అవుతోంది. దాన్ని సృష్టించిన ఉద్యోగి ఇప్పుడు సంస్థలో లేరు. కొత్తది సృష్టించే అనుమతి ఆన్‌కాల్ ఖాతాకు లేదు. అతను నన్ను లేపి, నేను అడ్మిన్ ఖాతాతో వెళ్లి కొత్త సీక్రెట్ పెట్టి, సర్వీసు తిరిగి లేచేసరికి 3:10 అయింది. తెల్లవారాక ఆ అబ్బాయి నాతో అన్న మాట ఇంకా గుర్తుంది: "నాకు పని తెలియక కాదండి, తలుపు ఎక్కడుందో తెలియక ఆగిపోయాను."

మిమ్మల్ని అడగాలనుకున్నవి మూడు విషయాలు. 2025 అక్టోబర్ 20న ఏడబ్ల్యూఎస్‌లో, 29న అజూర్‌లో పెద్ద అంతరాయాలు వచ్చినప్పటి నుంచి మా యాజమాన్యం, ప్రధాన అప్లికేషన్‌ను రెండు క్లౌడ్‌లలోనూ ఒకేసారి నడపమని, ఒకటి పడిపోతే రెండవది అందుకోవాలని అడుగుతోంది. అయిదుగురితో ఇది తలకెత్తుకోదగిన పనేనా? రెండవది, అన్నిటినీ కుబెర్నెటీస్‌లోకి (అప్లికేషన్లను కంటైనర్లలో నడిపే వ్యవస్థలోకి) మార్చేస్తే మూడు చోట్లా ఒకే పద్ధతి వస్తుందని మా డెవలపర్లు అంటున్నారు. ఆ మాటలో నిజమెంత? మూడవది, ప్రతి ఒక్కరూ మూడూ నేర్చుకోవాలా, లేక క్లౌడ్‌కు ఒకరు చొప్పున నిపుణులను తయారు చేసుకోవాలా? ఇలాంటి స్థితిని దాటివచ్చినవారు అనుభవంతో చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు: వైట్‌ఫీల్డ్_పాతకాపు

మీ మొదటి ప్రశ్నకు నా సమాధానం: వద్దు. ఊరికే వద్దని చెబితే యాజమాన్యం ఒప్పుకోదు కాబట్టి కారణాలు వివరంగా రాస్తాను.

అక్టోబర్ 20 నాటి అంతరాయం మొదలైంది ఉత్తర వర్జీనియా రీజియన్‌లో. డైనమోడీబీ అనే డేటాబేస్ సేవకు డీఎన్‌ఎస్ రికార్డులను (పేరు నుంచి చిరునామా చెప్పేవి) నడిపే ఆటోమేషన్‌లో రెండు ప్రక్రియలు ఒకదానినొకటి తొక్కుకోవడంతో ఆ రీజియన్ రికార్డు ఖాళీ అయిపోయింది, దాన్ని ఆధారం చేసుకున్న సర్వీసులు వరుసగా కూలాయి. 29న అజూర్ ఫ్రంట్ డోర్ (వెబ్ ట్రాఫిక్‌ను సర్వర్లకు చేర్చే సేవ) దెబ్బతిన్నది ఒక తప్పుడు కాన్ఫిగరేషన్ మార్పు వల్ల. అదే ఏడాది జూన్ 12న గూగుల్ క్లౌడ్‌లో జరిగింది కూడా ఇదే కోవలోనిది: ఖాళీ ఫీల్డులున్న ఒక పాలసీ ప్రపంచమంతటా క్షణాల్లో వ్యాపించి, దాన్ని చదివిన ప్రోగ్రామ్ ప్రతి రీజియన్‌లోనూ కుప్పకూలింది. మూడింటిలోనూ చెడిపోయింది యంత్రాలు కావు. మార్పులను మోసుకెళ్లే వ్యవస్థలు. మీ అయిదుగురు రెండు క్లౌడ్‌ల మధ్య ట్రాఫిక్‌ను మార్చే వ్యవస్థను కట్టారనుకోండి, అది కూడా సరిగ్గా అలాంటి వ్యవస్థే. వేలాది ఇంజనీర్లున్న సంస్థలకే తప్పని పొరపాటు, ఏడాదికి ఒకసారి కూడా పరీక్షించలేని మీ స్విచ్‌లో రాదని ఎవరు హామీ ఇస్తారు?

అసలు చిక్కు డేటాబేస్ దగ్గర ఉంది. అప్లికేషన్ సర్వర్లను రెండు చోట్ల లేపడం కష్టం కాదు. కానీ దుకాణదారు ముంబైలో ఒక బిల్లు కొట్టిన క్షణానికీ, అది పుణేలోని నకలుకు చేరే క్షణానికీ మధ్య కొంత వ్యవధి ఉంటుంది. ఆ వ్యవధిలో మొదటిది పడిపోతే ఆఖరి కొన్ని బిల్లులు రెండవ దానిలో ఉండవు. వ్యవధి లేకుండా, రెండు చోట్లా రాశాకే సరే అనేలా చేస్తే, రెండింటిలో ఏది ఆగినా మొత్తం ఆగుతుంది. అంటే ఆగే అవకాశం రెట్టింపవుతుంది. పైగా క్యూలు, సీక్రెట్‌ల నిల్వ, లోడ్ బ్యాలెన్సర్, అనుమతుల పద్ధతి అన్నీ రెండు వేర్వేరు రకాలుగా రాయాలి, రెండు వేర్వేరు రకాలుగా విరుగుతాయి.

దీని బదులు యాజమాన్యానికి నేను ఇలా చెబుతాను. ముంబై రీజియన్‌లో మూడు అవెయిలబిలిటీ జోన్లున్నాయి, అంటే ఒకటి ఆగినా మిగతావి నడిచేలా విడిగా కట్టిన డేటా సెంటర్లు. ముందు మీ డేటాబేస్, మీ సర్వర్లు నిజంగా ఒకటి కంటే ఎక్కువ జోన్లలో ఉన్నాయో లేదో చూడండి. ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్ నుంచి అందుబాటులో ఉంది. డేటాబేస్ నకలును అక్కడ ఉంచితే మీ బృందం కొత్తగా నేర్చుకోవలసింది దాదాపు ఏమీ ఉండదు, అదే టెర్రాఫార్మ్ కోడ్‌లో (క్లౌడ్‌లో ఏమేం కట్టాలో రాసే ఫైళ్లలో) రీజియన్ పేరు మారుతుంది. ఇక రెండవ క్లౌడ్‌ను ఒక్క పనికి వాడుకోండి: ప్రతి రాత్రి డేటాబేస్ బ్యాకప్‌ను ఎన్‌క్రిప్ట్ చేసి అజూర్ స్టోరేజ్‌లో ఒక ప్రతి దాచండి, దాన్ని చెరిపే అధికారం ఏడబ్ల్యూఎస్ వైపు ఏ ఖాతాకూ ఇవ్వకండి. ఖాతా మొత్తం పరాయివాళ్ల చేతిలో పడినా, ఎవరైనా పొరపాటున అన్నీ చెరిపేసినా మీ వ్యాపారం నిలబడుతుంది. మూడు నెలలకొకసారి ఆ బ్యాకప్ నుంచి డేటాబేస్‌ను నిజంగా లేపి, ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టండి. లేపి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

మీ సీక్రెట్ సంగతికి వస్తాను. నా దృష్టిలో మీ ప్రశ్నలో అన్నిటికంటే విలువైన భాగం అదే. గడువు తేదీలను క్యాలెండర్‌లో రాసుకోవడం పరిష్కారం కాదు, ఎందుకంటే ఆ క్యాలెండర్‌ను చూసే మనిషి కూడా ఒకరోజు సంస్థ వదిలి వెళతాడు. తాళంచెవే లేకుండా చేయాలి. అజూర్‌లో నడిచే సర్వీసు అజూర్ స్టోరేజ్‌తో మాట్లాడటానికి సీక్రెట్ అవసరమే లేదు. మేనేజ్డ్ ఐడెంటిటీ ఇస్తే టోకెన్లను ప్లాట్‌ఫారమే ఇస్తుంది, తనే మారుస్తుంది. కోడ్‌ను క్లౌడ్‌లోకి పంపే గిట్‌హబ్ యాక్షన్స్ నుంచి మూడు క్లౌడ్‌లకూ ఓఐడీసీ (పాస్‌వర్డ్ దాచకుండా గుర్తింపు నిరూపించే ప్రమాణం) ద్వారా కొద్దిసేపు మాత్రమే చెల్లే టోకెన్లతో వెళ్లవచ్చు. ఏడబ్ల్యూఎస్ సర్వర్ నుంచి బిగ్‌క్వెరీకి డేటా పంపడానికి సర్వీస్ అకౌంట్ కీ ఫైలు వాడుతున్నట్లయితే, దాని స్థానంలో వర్క్‌లోడ్ ఐడెంటిటీ ఫెడరేషన్ (కీ ఫైలు లేకుండా గుర్తింపు నిరూపించే పద్ధతి) పెట్టండి. ఇది నెల రోజుల పని. ఆ నెలలో ఇంకేదీ మొదలుపెట్టకపోయినా నష్టం లేదు.

వెబ్‌సైటు గుర్తింపును నిరూపించే టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2026 మార్చి 15 నుంచి కొత్త సర్టిఫికెట్ గరిష్ఠ కాలం 200 రోజులు, 2027 మార్చి నుంచి 100 రోజులు, 2029 మార్చి నుంచి 47 రోజులు. చేత్తో మార్చే సర్టిఫికెట్ ఒక్కటున్నా అది మిమ్మల్ని రాత్రిపూట లేపుతుంది.

జవాబు: నెట్‌వర్క్_మారతహళ్లి

పైన పాతకాపు గారు చెప్పినదంతా నాకు సమ్మతమే. ఆయన తాకని నెట్‌వర్క్ విషయం ఒకటి చెబుతాను; రెండు సంస్థలు కలిసినప్పుడు తొలి దెబ్బ అక్కడే తగులుతుంది.

ఒకే మాట మూడు క్లౌడ్‌లలో మూడు అర్థాలు పలుకుతుందని మీ బృందానికి మొదటే చెప్పండి. ఏడబ్ల్యూఎస్‌లో వీపీసీ (క్లౌడ్‌లో మీ సొంత నెట్‌వర్క్) ఒక రీజియన్‌కు, సబ్‌నెట్ (అందులోని ఒక ముక్క) ఒక జోన్‌కు పరిమితం. అజూర్‌లో వీపీసీకి సమానమైన వీనెట్ రీజియన్‌కు పరిమితమైనా సబ్‌నెట్ అన్ని జోన్లకూ పరుచుకుని ఉంటుంది. గూగుల్‌లో వీపీసీ ప్రపంచవ్యాప్తం, సబ్‌నెట్ రీజియన్‌ది. ఏడబ్ల్యూఎస్ సెక్యూరిటీ గ్రూపులో (ఫైర్‌వాల్ నియమాల జాబితాలో) అనుమతించే నియమాలే ఉంటాయి, నిరాకరించేవి ఉండవు. అజూర్‌లోనూ గూగుల్‌లోనూ రెండు రకాలూ ఉంటాయి, పైగా ప్రాధాన్య సంఖ్యల వరుసలో పనిచేస్తాయి. ఒక చోటి అలవాటుతో ఇంకోచోట నియమం రాసిన మనిషి, తలుపు మూశాననుకుని తెరిచి వెళ్లడం నేను రెండుసార్లు చూశాను.

ఇప్పుడు చిరునామాల సంగతి. నేను పనిచేసిన ఒక చోట రెండు క్లౌడ్‌ల మధ్య వీపీఎన్ టన్నెల్ (రెండు నెట్‌వర్క్‌లను కలిపే ఎన్‌క్రిప్టెడ్ దారి) కట్టాము. రెండు వైపులా స్థితి పచ్చగా చూపిస్తోంది, పింగ్ మాత్రం వెళ్లదు. రెండు రోజులు ఫైర్‌వాల్ నియమాలను అనుమానించాము. చివరికి ఏడబ్ల్యూఎస్ రూట్ టేబుల్‌ను తెరిచి వరుసగా చదివితే, మా వీపీసీ చిరునామా 10.0.0.0/16, అవతలి వీనెట్ చిరునామా కూడా 10.0.0.0/16. రూట్ టేబుల్‌లో లోకల్ మార్గానికే మొదటి హక్కు కాబట్టి, అవతలికి వెళ్లాల్సిన ప్యాకెట్లు టన్నెల్ గడప కూడా తొక్కకుండా మా సొంత నెట్‌వర్క్‌లోనే తిరుగుతున్నాయి. మొదట కట్టినవాళ్లిద్దరూ డాక్యుమెంటేషన్‌లోని ఉదాహరణను ఉన్నదున్నట్టు దింపుకున్నారు. వీపీసీ మొదటి చిరునామా శ్రేణిని తర్వాత మార్చడానికి వీలుండదు. కొత్త నెట్‌వర్క్ కట్టి అన్నీ తరలించవలసి వచ్చింది.

అందుకే ఒక ఖాతా పుస్తకం పెట్టుకోండి. గిట్‌లో ఒక చిన్న ఫైలు చాలు. ఏడబ్ల్యూఎస్‌కు 10.16.0.0/12, అజూర్‌కు 10.32.0.0/12, గూగుల్‌కు 10.48.0.0/12 అని పెద్ద ముక్కలు కేటాయించి, ఆ ముక్కలోంచే ప్రతి కొత్త నెట్‌వర్క్‌కూ శ్రేణి ఇవ్వండి. గూగుల్‌లో ఆటో మోడ్ నెట్‌వర్క్ వాడకండి, అది 10.128.0.0/9 మొత్తాన్ని తన ఖాతాలో వేసుకుంటుంది. ఏడబ్ల్యూఎస్ డిఫాల్ట్ వీపీసీ వాడే 172.31.0.0/16, డాకర్ తనకు తానుగా తీసుకునే 172.17.0.0/16 కూడా ఆ ఫైలులో ముందే రాసి పెట్టండి.

ఇంతా చెప్పి ఒక మాట అడగాలి: మీ మూడు క్లౌడ్‌లను నెట్‌వర్క్‌తో కలపవలసిన అవసరం నిజంగా ఉందా? బిగ్‌క్వెరీ హెచ్‌టీటీపీఎస్ మీద నడిచే సేవ. దానికి వీపీఎన్ అక్కర్లేదు. ఇన్‌వాయిసింగ్, బిల్లింగ్ ఉత్పత్తులు ఒకదానితో ఒకటి ఏపీఐ ద్వారా మాట్లాడుకుంటే చాలనుకుంటే టన్నెల్ కట్టకండి. కట్టని టన్నెల్‌కు ఆన్‌కాల్ అక్కర్లేదు.

బెల్లందూరు_ఆప్స్

ఇద్దరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నెట్‌వర్క్ గారు రాసింది చదివి వెంటనే వెళ్లి చూశాను. మా అజూర్ వీనెట్ కూడా 10.0.0.0/16 మీదే ఉంది. వచ్చే త్రైమాసికంలో రెండింటి మధ్య వీపీఎన్ కట్టాలని పెట్టుకున్న టికెట్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టాను. రెండు ఉత్పత్తుల మధ్య వెళ్లేది వినియోగదారుల జాబితా, పన్ను వివరాలు మాత్రమే కాబట్టి ఏపీఐ సరిపోతుందనే అనిపిస్తోంది.

కుబెర్నెటీస్ గురించి కొంచెం వివరం ఇవ్వాలి. ప్రధాన అప్లికేషన్ ఇప్పటికే ఈకేఎస్‌లో (ఏడబ్ల్యూఎస్ కుబెర్నెటీస్ సేవలో) రెండు క్లస్టర్లలో (సర్వర్ల సమూహాల్లో) ఉంది, ఒకటి ప్రొడక్షన్, ఒకటి టెస్టింగ్. అజూర్ వైపు ఆరు సర్వీసులు యాప్ సర్వీస్‌లో (సర్వర్ల నిర్వహణను అజూరే చూసుకునే సేవలో) నడుస్తున్నాయి, పెద్దగా ఇబ్బంది పెట్టవు. వాటిని ఏకేఎస్‌లోకి (అజూర్ కుబెర్నెటీస్ సేవలోకి) మార్చాలన్నది డెవలపర్ల ప్రతిపాదన.

జవాబు: క్లస్టర్_కోరమంగళ

నేను ఏడేళ్లుగా కుబెర్నెటీస్ మీదే పనిచేస్తున్నాను, దాని మీద నాకు అభిమానం ఎక్కువే. అయినా మీ ఆరు సర్వీసులను ఏకేఎస్‌లోకి మార్చవద్దనే చెబుతాను.

డెప్లాయ్‌మెంట్ ఫైలు (అప్లికేషన్‌ను ఎలా నడపాలో చెప్పేది) వరకు మీ డెవలపర్ల మాట నిజం. అది మూడు క్లౌడ్‌లలోనూ ఒకేలా ఉంటుంది. డెవలపర్‌కు కనిపించేది ఆ ఫైలే కాబట్టి అంతా ఒకటే అనిపించడం సహజం. ఆపరేషన్స్ వాళ్లకు కనిపించేది దాని కింద ఉన్నది. లోడ్ బ్యాలెన్సర్‌కు రాయవలసిన యానొటేషన్లు వేరు, డిస్కుల స్టోరేజ్ క్లాస్ వేరు, పాడ్‌కు (కంటైనర్లు నడిచే చిన్న యూనిట్‌కు) క్లౌడ్ అనుమతులు ఇచ్చే పద్ధతి వేరు, నోడ్‌లను (క్లస్టర్‌లోని సర్వర్లను) అప్‌గ్రేడ్ చేసే వరుస వేరు. ఈకేఎస్‌లో డిఫాల్ట్ నెట్‌వర్క్ ప్లగిన్ వాడితే ప్రతి పాడ్‌కూ వీపీసీ సబ్‌నెట్ నుంచే ఐపీ వెళుతుంది. సబ్‌నెట్ చిన్నదైతే నోడ్‌లో జాగా ఉండి కూడా పాడ్ లేవదు. అవతలి క్లౌడ్‌లో ఆ లక్షణమే కనిపించకపోవచ్చు, కారణం ఇంకోటి కావచ్చు. రాత్రి రెండింటికి మీ మనిషిని ఆపేది ఈ కింది పొర.

అప్‌గ్రేడ్ల లెక్క కూడా చూడండి. కుబెర్నెటీస్ ఏడాదికి మూడు వెర్షన్లు విడుదల చేస్తుంది, ఒక్కో వెర్షన్‌కు సుమారు 14 నెలలు మాత్రమే ప్యాచ్‌లు వస్తాయి. ఈకేఎస్‌లో మామూలు మద్దతు ఉన్నంతకాలం క్లస్టర్‌కు గంటకు 0.10 డాలర్లు, ఆ గడువు దాటిపోతే గంటకు 0.60 డాలర్లు. నెలకు 730 గంటలు వేసుకుంటే 73 డాలర్ల నుంచి 438 డాలర్లకు చేరుతుంది, అదీ ఒక్కో క్లస్టర్‌కు. డబ్బు కంటే పని విలువ ఎక్కువ: రెండు క్లస్టర్లకు ఏడాదికి కనీసం ఒక విడత అప్‌గ్రేడ్, ప్రతి విడతలో తొలగించిన ఏపీఐలను వెతకడం, యాడ్‌ఆన్‌ల వెర్షన్లను సరిచూడటం, టెస్టింగ్‌లో వారం రోజులు నడిపి చూడటం. అజూర్ వైపు ఇంకో రెండు క్లస్టర్లు వస్తే ఈ పని రెట్టింపు కావడమే కాదు, రెండు భిన్నమైన పద్ధతుల్లో చేయాలి. యాప్ సర్వీస్‌లో ఆ బాధ్యత మీది కాదు. పేచీ పెట్టకుండా నడుస్తున్నదాన్ని ఒకే రూపం కోసం కదిలించకండి.

మూడు చోట్లా నిజంగా ఒకటిగా చేయగలిగినవి వేరే ఉన్నాయి. మార్పు జరిగే దారి ఒకటే కావాలి: టెర్రాఫార్మ్ కానీ, 2023 ఆగస్టులో దాని లైసెన్స్ మారాక దాని నుంచి విడివడిన ఓపెన్‌టోఫు కానీ, ఏదో ఒకటి, పుల్ రిక్వెస్ట్, ప్లాన్ చూసి ఆమోదం, అప్లై. స్టేట్ ఫైలు (ఏమేం కట్టిందో ఆ సాధనం రాసుకునే లెక్క) మాత్రం క్లౌడ్‌కు, పరిసరానికి విడివిడిగా ఉంచండి. టెస్టింగ్‌లో చేసిన తప్పు ప్రొడక్షన్‌ను తాకకూడదు. మూడు క్లౌడ్‌ల సర్వర్లనూ ఒకే మాడ్యూల్ వెనుక దాచిపెట్టే ప్రయత్నం మాత్రం చేయకండి. అలాంటి మాడ్యూల్‌ను నేను ఒకప్పుడు ఎంతో ఇష్టంగా రాశాను; ఆరు నెలలు తిరిగేసరికి దానిలో సగం వరుసలు "ఈ క్లౌడ్ అయితే ఇలా, ఆ క్లౌడ్ అయితే అలా" అనే షరతులే అయ్యాయి, నేను తప్ప ఎవరూ ముట్టుకునే ధైర్యం చేయలేదు.

రెండవది, చూసే చోటు ఒకటే కావాలి. సర్వీసులన్నిటిలో ఓపెన్‌టెలిమెట్రీ (పనితీరు వివరాలు సేకరించే సాధనం) పెట్టి మెట్రిక్‌లు, ట్రేస్‌లు ఒక గ్రఫానాకు (వాటిని చూపించే డాష్‌బోర్డుకు) పంపండి. అలర్ట్‌లో సర్వీసు పేరుతో పాటు అది ఏ క్లౌడ్, ఏ ఖాతా, లాగ్‌లకు నేరుగా వెళ్లే లింకు, చేయవలసిన పనుల పేజీ లింకు ఉండాలి. మీ అబ్బాయి పోగొట్టుకున్న ఇరవై నిమిషాలు ఆ ఒక్క లింకుతో మిగిలేవి.

జవాబు: పెరుంగుడి_ఎస్‌ఆర్‌ఈ

నేను చెన్నై నుంచి రాస్తున్నాను. మీ మూడవ ప్రశ్నను ఇంతవరకు ఎవరూ తాకలేదు కనుక దానికే పరిమితమవుతాను. సాధనాల కంటే ముందు తేల్చుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం, ఈ విషయంలో పాతకాపు గారితో కొంచెం విభేదిస్తాను.

2023 డిసెంబర్ 4న మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా ఆన్‌కాల్ ఇంజనీరు పెరుంగుడిలో మొదటి అంతస్తులో ఉండేవాడు. ఉదయానికి వీధిలో నడుములోతు నీళ్లు, కరెంటు లేదు, మధ్యాహ్నానికి మొబైల్ సిగ్నల్ కూడా పోయింది. రోస్టర్‌లో అతని వెనుక ఉన్న మనిషి వేళచ్చేరిలో. అక్కడా అదే పరిస్థితి. మా సర్వర్లన్నీ ముంబైలో ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తున్నాయి, వాటిని చూసుకునే నలుగురమూ ఒకే నీళ్లలో ఉన్నాము. ఆ రోజు హైదరాబాద్‌లో ఉన్న ఒక డెవలపర్ అమ్మాయి, రాసిపెట్టిన పేజీలు చదువుకుంటూ, నిండిపోతున్న ఒక డిస్కును పెంచి మమ్మల్ని కాపాడింది. ఆమెకు ఆపరేషన్స్ అనుభవం లేదు. ఆ పేజీ మాత్రం ఆమెలాంటి మనిషికి అర్థమయ్యేలా రాసి ఉంది. అప్పటి నుంచి మా రోస్టర్‌లో ఎప్పుడూ ఒకరు వేరే ఊరిలో ఉంటారు.

ఒకే చోట ఉన్న బృందం రాత్రింబవళ్లు ఆన్‌కాల్ మోయాలంటే కనీసం ఎనిమిది మంది ఉండాలని గూగుల్ ఎస్‌ఆర్‌ఈ (సర్వీసులు ఆగకుండా చూసే ఇంజనీర్ల) బృందాలు తమ అనుభవం నుంచి రాశాయి. మీరు అయిదుగురు. అంటే ప్రతి అయిదవ వారం ఒక్కొక్కరి వంతు వస్తుంది, ఎవరైనా సెలవు పెడితే నాలుగవ వారమే. మీ అయిదుగురిలో తెలుగువాళ్లెందరో నాకు తెలియదు కానీ, మా బృందంలో సంక్రాంతి వారం, పొంగల్ వారం ఒకటే కావడంతో ఏటా ఆ రోజులకు రోస్టర్ నింపడం పెద్ద పంచాయితీ అయ్యేది. ఇప్పుడు అక్టోబర్‌లోనే ఆ వారం ఎవరు ఉంటారో రాసేసి, ఉన్నవారికి తర్వాత రెండు రోజులు అదనంగా సెలవు ఇస్తున్నాము.

క్లౌడ్‌కు ఒకరు చొప్పున నిపుణులు అనే పద్ధతి పెట్టుకోకండి. అజూర్ మనిషి సెలవులో ఉన్న రోజున మీకు అజూర్ లేనట్టే. అందరూ మూడూ లోతుగా నేర్చుకోవడం కూడా జరిగే పని కాదు. మేము చేస్తున్నది ఇది: ఏడబ్ల్యూఎస్ అందరికీ లోతుగా రావాలి. మిగతా రెండింటిలో ఒక్కోదానికి ఇద్దరు బాధ్యులు. బాధ్యులు కానివారికి ఆ క్లౌడ్‌లో అయిదు పనులు మాత్రం చేత్తో చేయడం రావాలి: లాగిన్ కావడం, లాగ్‌లు చూడటం, సర్వీసును రీస్టార్ట్ చేయడం, ఆఖరి మార్పును వెనక్కి తిప్పడం, బాధ్యులను పిలవడం. నెలకు ఒక శుక్రవారం సాయంత్రం టెస్టింగ్ పరిసరంలో ఒకటి కావాలని విరగ్గొడతాము, ఆ క్లౌడ్ బాధ్యులు కాని మనిషి దాన్ని సరిచేయాలి, బాధ్యులు పక్కన కూర్చుని చూస్తారు తప్ప నోరు విప్పరు. రాసిపెట్టిన పేజీలో ఏ అడుగు దగ్గర ఆ మనిషి ఆగాడో అక్కడ పేజీని ఆ సాయంత్రమే దిద్దుతాము. మా పేజీలు బాగుపడింది ఈ శుక్రవారాల వల్లనే. పాతకాపు గారు సీక్రెట్‌లు తీసేయడంతో మొదలుపెట్టమన్నారు. నేనైతే ముందు ఆన్‌కాల్ ఖాతాకు సరైన అనుమతులు, ఈ అయిదు పనుల పేజీలు పెట్టి ఆ తర్వాతే ఆ నెల రోజుల పనికి దిగుతాను, ఎందుకంటే ఆ నెలలో కూడా రాత్రులు ఉంటాయి.

లాగిన్ గురించి ఒక హెచ్చరిక. మూడు క్లౌడ్‌లకూ ఒకే సింగిల్ సైన్ ఆన్ పెట్టుకోవడం మంచిదే, కానీ అదే ఆగిపోయిన రోజు మీరు మూడింటికీ బయట నిలబడతారు. ప్రతి క్లౌడ్‌లోనూ దానితో సంబంధం లేని ఒక అత్యవసర ఖాతా ఉంచి, దాని హార్డ్‌వేర్ కీని ఆఫీసు లాకర్‌లో ఒకటి, ఇంకో ఊరిలో ఒకటి పెట్టండి. ఆ ఖాతాతో ఎవరు లాగిన్ అయినా అందరికీ అలర్ట్ వెళ్లాలి.

చివరగా లాగ్‌ల నిల్వ. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (భారత ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాల ప్రకారం సైబర్ భద్రతా సంఘటనలను గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు దేశంలోనే భద్రపరచాలి. మూడు క్లౌడ్‌ల డిఫాల్ట్ గడువులు ఒకేలా లేవు: ఏడబ్ల్యూఎస్‌లో ఎవరు ఏం చేశారో రాసే క్లౌడ్‌ట్రెయిల్ ఈవెంట్ హిస్టరీ 90 రోజులు, అజూర్ యాక్టివిటీ లాగ్ 90 రోజులు, గూగుల్ డిఫాల్ట్ లాగ్ బకెట్ 30 రోజులు. ఏదీ 180కి చేరదు. ఏడబ్ల్యూఎస్‌లో ట్రెయిల్ సృష్టించి ముంబైలోని ఎస్3 బకెట్‌లోకి పంపండి, అజూర్‌లో డయాగ్నొస్టిక్ సెట్టింగ్స్ ద్వారా స్టోరేజ్‌లోకి మళ్లించండి, గూగుల్‌లో బకెట్ గడువును పెంచండి, ఆ బకెట్ మన దేశపు రీజియన్‌లోనే ఉందో లేదో కూడా చూడండి. ఒక పూట పని ఇది, అయినా అవసరం పడ్డాక చేయడానికి వీలుండదు.

బెల్లందూరు_ఆప్స్

ఇంత శ్రద్ధగా రాసిన అందరికీ మరోసారి కృతజ్ఞతలు. యాజమాన్యంతో నిన్న మాట్లాడాను. రెండు క్లౌడ్‌లలో ఒకేసారి నడపడం బదులు హైదరాబాద్ రీజియన్‌లో డేటాబేస్ నకలు, అజూర్‌లో ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ అనే ప్రతిపాదనకు వాళ్లు ఒప్పుకున్నారు. ఒప్పించింది అక్టోబర్ అంతరాయాల కారణాలను వివరించిన ఆ పేరానే. యాప్ సర్వీస్‌ను కదిలించడం లేదు.

పెరుంగుడి గారు చెప్పిన వరుసలోనే వెళుతున్నాము. ఆన్‌కాల్ ఖాతాకు అజూర్ అనుమతులు ఈ ఉదయం ఇచ్చాము. మొదటి శుక్రవారం సాధన ఎల్లుండి, ఇన్‌వాయిస్‌లు ఆగిన రాత్రి ఆన్‌కాల్‌లో ఉన్న అబ్బాయే తనంతట తాను ముందుకు వచ్చాడు. ఇంతలో అజూర్‌లో ఇంకా ఎన్ని క్లయింట్ సీక్రెట్‌లు ఉన్నాయో ఒక చిన్న స్క్రిప్ట్‌తో జాబితా తీయించాను. పదకొండు ఉన్నాయి. వాటిలో నాలుగింటిని సృష్టించినవారు ఇప్పుడు మా దగ్గర లేరు. ఆ నాలుగింటిలో ఒకదాని గడువు సరిగ్గా సంక్రాంతి వారంలో తీరుతోంది, మాలో ముగ్గురం ఊరికి టికెట్లు తీసుకున్న వారం అది. రేపు ముందుగా మేనేజ్డ్ ఐడెంటిటీలోకి మార్చబోయేది ఆ సర్వీసునే.